పాత లాప్‌టాప్ మీద తొందరపడి తీర్పు చెప్పకండి

గురువారం నాడు మీరెప్పుడైనా పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజారుకు వెళ్లారా? వెళ్లి ఉంటే అక్కడ నేల మీద పరిచిన పట్టాల మీద పాత ఇస్త్రీపెట్టెలు, గడియారాలు, ఫ్యాన్ మోటార్ల పక్కన లాప్‌టాప్‌లు కూడా చూసే ఉంటారు. కొన్ని పనిచేస్తాయి. కొన్నింటి మీద అమ్మేవాడే ముందుగా తీర్పు చెప్పేస్తాడు: "ఇది ఖతం. స్పేర్ పార్ట్స్ కోసం తీసుకపో."

ఆ "ఖతం" అనే మాట గురించే ఈ నెల మీతో మాట్లాడాలనుకుంటున్నాను. ఆ యంత్రాలలో కొన్ని నిజంగానే చచ్చిపోయినవి. కొన్ని మాత్రం బతికే ఉన్నాయి. వాటిలోని ఒక్క తీగ తెగలేదు, ఒక్క చిప్ మాడలేదు. వాటిని నడిపే ప్రోగ్రాములో, అదీ ఎక్కడో దూరదేశంలో ఎవరో మార్చిన నాలుగు పంక్తులలో తప్పు దొర్లింది. శిక్ష మాత్రం యంత్రానికి పడింది.

మా బడిలో 9వ తరగతి చదివే ఒక అబ్బాయి సంగతి చెబుతాను. వాళ్ల అన్న 3,500 రూపాయలకు ఒక పాత లాప్‌టాప్ కొన్నాడు. 2009 ప్రాంతపు యంత్రం, 2 జీబీ మెమరీ. అందులో లైనక్స్ వేసుకుని ఇద్దరూ ఏడాదిపాటు హాయిగా వాడుకున్నారు. ఒకరోజు రాత్రి "అప్‌డేట్ చేయమంటారా?" అని అడిగితే అబ్బాయి సరేనన్నాడు. తెల్లారి మీట నొక్కితే ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది.

"ఖరాబైంది సార్. అన్న దుకాణానికి తీసుకపోయిండు. బోర్డు పోయిందన్నరు. నాలుగు వేలైతదట."

కొన్న ధర కంటే బాగుచేయించే ధర ఎక్కువ! ఇక మిగిలింది జుమ్మేరాత్ బజారే కదా. ఎందుకైనా మంచిదని ఒకసారి బడికి తెమ్మన్నాను. తెచ్చాడు. మీట నొక్కిన వెంటనే షిఫ్ట్ మీటను వదలకుండా పట్టుకుంటే ఒక పట్టిక వచ్చింది. అంటే తెర పనిచేస్తోందన్న మాట! ఆ పట్టికలో కొత్త కెర్నెల్ పేరు కింద, వెనకటి కెర్నెల్ పేరు కూడా ఉంది. దాన్ని ఎంచుకున్నాం. అర నిమిషంలో వాడి బొమ్మలు, వాడి పాటలు, అన్నీ తెర మీదికి వచ్చేశాయి. నాలుగు వేల రూపాయల బోర్డు తనంతట తాను బాగైపోయింది!

దుకాణంవాడు మోసగాడని నేననను. అతడు ఎన్నో పోయిన బోర్డులు చూసినవాడు. నల్లతెర కనబడగానే అలవాటు ప్రకారం బోర్డు అన్నాడు. అసలు అనుమానించవలసిన రెండో ముద్దాయి ఒకడున్నాడని మనలో చాలామందికి తెలియదు. వాడి పేరే కెర్నెల్.

కెర్నెల్ అంటే పప్పు. బేగంబజారులో బాదం కొని పెంకు పగలగొడితే లోపల దొరుకుతుందే, అది. కంప్యూటరులో మనం మీటలు నొక్కి మాట్లాడే పైభాగాన్ని నిజంగానే షెల్, అంటే పెంకు అంటారు. లోపల ఉండి యంత్రంతో నేరుగా మాట్లాడేది కెర్నెల్. మీరు ఒక బొమ్మను తెర మీదికి తెమ్మని అడిగితే, ఆ బొమ్మ చూపే ప్రోగ్రాముకు తెర ఎలా వెలుగుతుందో తెలియదు. అది కెర్నెల్‌ను అడుగుతుంది. కెర్నెల్ తన దగ్గరున్న డ్రైవర్‌ను పిలుస్తుంది. డ్రైవర్ అనేది ఫలానా చిప్ భాష తెలిసిన దుబాసీ. తెరకొక దుబాసీ, వైఫైకొక దుబాసీ, కీబోర్డుకొక దుబాసీ. లైనక్స్ కెర్నెల్‌లో ఇప్పుడు దాదాపు 4 కోట్ల పంక్తులున్నాయి. అందులో సగానికి పైగా ఈ దుబాసీలే. మీ లాప్‌టాప్‌కు కావలసింది అందులో చిన్న భాగం. మిగిలినదంతా మరెవరి యంత్రాల కోసమో.

సాలార్‌జంగ్ మ్యూజియంలోని గడియారం మీరందరూ చూసే ఉంటారు. గంట గంటకూ ఒక చిన్న మనిషి బయటికి వచ్చి గంట కొట్టి పోతాడు. అది 19వ శతాబ్దపు యంత్రం. దాని లోపలి పళ్లచక్రాలు అవే, అవి తిరిగే తీరూ అదే. ఎవరో ఒకరు కనిపెట్టి చూసుకుంటే చాలు, నడుస్తుంది. లాప్‌టాప్ అలా కాదు. దాని లోహపు భాగాలు మారకపోయినా, నడిపే కెర్నెల్ మారిపోతూ ఉంటుంది. లైనక్స్‌లో తొమ్మిది పది వారాలకొక కొత్త కూర్పు, అంటే వెర్షన్, వస్తుంది. ఒక్కొక్క కూర్పులో పదివేలకు పైగా మార్పులుంటాయి. గడియారంలో రెండు నెలలకోసారి పదివేల చక్రాలు మార్చి, ఐనా గంట సరిగ్గా కొట్టాలని కోరడం వంటిది ఇది. నిజానికి ఆశ్చర్యపడవలసింది తప్పులు వస్తున్నందుకు కాదేమో, ఇంత తక్కువగా వస్తున్నందుకే!

ఆ తప్పులు ఎంత విచిత్రంగా వస్తాయో తెలియాలంటే 2008 నాటి కథ వినాలి. నాకు తెలిసిన కెర్నెల్ కథలన్నింటిలోనూ ఇదే గొప్ప అపరాధ పరిశోధన.

ఆ ఏడాది సెప్టెంబరులో లైనక్స్ 2.6.27 కూర్పును పరీక్షిస్తున్నారు. పరీక్షించినవారిలో కొందరి లాప్‌టాప్‌లలో ఇంటెల్ నెట్‌వర్క్ కార్డు మూగబోయింది. మళ్లీ పాత కెర్నెల్ వేసినా లేవలేదు. విండోస్ వేసినా లేవలేదు. అంటే ఈసారి ప్రోగ్రాములోని తప్పు లోహం దాకా పోయిందన్న మాట. ఆ కార్డుకు ఒక చిన్న జ్ఞాపకపు చిప్ తోడుగా ఉంటుంది. కరెంటు లేకపోయినా దానిలోని రాత చెరిగిపోదు. కార్డు ఎవరో, దాని నంబరు ఎంతో అందులోనే రాసి ఉంటుంది. ఆ రాత చెడిపోయింది. తన పేరు తానే మరిచిపోయిన మనిషిలా తయారైంది కార్డు.

అందరూ ముందుగా నెట్‌వర్క్ డ్రైవర్‌నే అనుమానించారు. ఎవరైనా అదే చేస్తారు. ఎంత వెతికినా దానిలో నేరం కనబడలేదు. చివరికి దొరికిన దోషికి నెట్‌వర్క్‌తో ఏ సంబంధమూ లేదు. దాని పేరు ఎఫ్‌ట్రేస్. కెర్నెల్‌లో ఏ పని ఎప్పుడు జరుగుతోందో కనిపెట్టి రాసుకునేందుకు స్టీవెన్ రోస్టెడ్ అనే ఆయన తయారుచేసిన సాధనం అది.

ఎలా జరిగిందో చూడండి. మన పాతబస్తీ గల్లీలో ఒక ఇంటికి సున్నం వేయమని ఒక మనిషికి చీటీ రాసిచ్చారనుకోండి. అతడు చీటీ జేబులో పెట్టుకున్నాడు. ఈలోగా ఆ ఇంట్లోవాళ్లు ఖాళీ చేసి పోయారు. ఆ గదిలోకి ఒక కాతిబు, అంటే అందమైన దస్తూరీతో ఉర్దూ రాసే ఆయన, తన రాతప్రతులు గోడలకు అంటించుకుని దిగాడు. సున్నం మనిషి వచ్చాడు. చీటీ మీద నంబరు సరిపోయింది. లోపలెవరున్నారో చూడకుండా రాతప్రతుల మీద సున్నం కొట్టేశాడు!

డ్రైవర్లు మెమరీలోకి వచ్చినప్పుడు, వాటిలో మొదట ఒక్కసారే అవసరమయ్యే భాగాన్ని వాడుకున్న తరువాత పారేస్తారు. ఆ చిరునామా ఖాళీ అవుతుంది. ఎఫ్‌ట్రేస్ ఆ చిరునామాను ముందే తన చీటీలో రాసుకుంది. ఈలోగా అదే చిరునామా నెట్‌వర్క్ కార్డు చిప్‌కు దక్కింది. ఎఫ్‌ట్రేస్ వచ్చింది. నిజం చెప్పాలంటే అది గుడ్డిగా రాయలేదు. "ఇక్కడ నేననుకున్నదే ఉంటే మార్చు, లేకపోతే వద్దు" అనే జాగ్రత్త గల ఆజ్ఞనే వాడింది. కాని ఆ ఆజ్ఞ, పోల్చినప్పుడు సరిపోకపోయినా, ఉన్నదాన్నే మళ్లీ ఒకసారి వెనక్కి రాస్తుంది. మామూలు మెమరీలో అలా రాస్తే ఏ నష్టమూ లేదు. కార్డు చిప్‌కు మాత్రం ఆ తోపుడే చాలింది, లోపలి రాత పాడైపోవడానికి. 2008 అక్టోబరు 9న 2.6.27 విడుదలైంది. కొద్ది రోజులకే ఆ సాధనపు భాగాన్ని ఆపివేసి 2.6.27.1 ఇచ్చారు. కార్డు చిప్‌కు తాళం వేసే ఏర్పాటు కూడా డ్రైవర్‌లో చేశారు.

ఆనాడు ఆ లాప్‌టాప్‌లు కొత్తవి. వేలమంది ఇంజనీర్ల బల్లల మీద ఉన్నవి. కాబట్టే వారాలలో దోషి దొరికాడు. ఇప్పుడు అదే ఈడు లాప్‌టాప్‌లు మన బజారులో పట్టాల మీదికి వచ్చాయి. ఈ రోజు వాటికి అటువంటి ఆపద వస్తే, ఎవరు చూస్తారు?

ఇది ఒక్కసారి జరిగిన వింత అనుకోకండి. 2017 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 17.10లోని ఒక డ్రైవర్ వల్ల, కొన్ని లెనోవో, ఏసర్, తోషిబా లాప్‌టాప్‌లలో బయాస్ చిప్ రాతకు లొంగకుండా బిగుసుకుపోయింది. డిసెంబరులో ఆ కూర్పును పంచడం ఆపి, డ్రైవర్‌ను తీసేసి, జనవరిలో మళ్లీ ఇచ్చారు. 2022లో 5.19.12 అనే కెర్నెల్ వచ్చింది. లాప్‌టాప్ తెరకు కరెంటు ఇవ్వడంలో ఒక వరస, మధ్యలో కొన్ని మిల్లీసెకన్ల విరామాలు ఉంటాయి. ఈ కూర్పులో ఆ విరామాల లెక్క తప్పింది. ఇంటెల్ బొమ్మల చిప్ గల కొన్ని లాప్‌టాప్‌ల తెరలు తెల్లగా మిణుకుమిణుకుమన్నాయి. తెరే పాడు కావచ్చునని ఇంటెల్ ఇంజనీరు విల్లే సిర్యాలా హెచ్చరించారు. అక్టోబరు మొదటి వారంలోనే 5.19.13 వచ్చేసింది.

మరి పాత యంత్రాల సంగతి? కెర్నెల్ రాసేవారి దగ్గర అవి ఉండవు. చెడ్డ మనసుతో కాదు, వారి బల్ల మీద ఉన్నది కొత్త యంత్రం కాబట్టి. 2019లో జరిగినది వినండి. లైనక్స్‌లో ఒక్కొక్క భాగాన్ని చూసుకునే సంరక్షకుల పేర్లు ఒక జాబితాలో రాసి ఉంటాయి. ఫ్లాపీ డ్రైవర్ సంరక్షకుడి దగ్గర పనిచేసే ఫ్లాపీ పరికరమే లేకుండా పోయింది. పరికరం లేకుండా పరీక్ష ఎలా? దాంతో ఆ డ్రైవర్ పేరు ఎదుట "అనాథ" అని రాశారు. నేను అలంకారంగా అనడం లేదు, ఆ జాబితాలో వాడే మాటే అది! తరువాత మరొకరు ముందుకు వచ్చి దాని బాధ్యత తీసుకున్నారు.

ప్రతి పాత యంత్రాన్నీ ఎల్లకాలం మోయాలని నేననను. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో హెల్సింకీలో లైనక్స్‌ను మొదలుపెట్టింది 386 ప్రాసెసర్ ఉన్న కంప్యూటరు మీద. అదే 386ను 2012 డిసెంబరులో కెర్నెల్ నుంచి తీసేశారు. పుట్టిల్లునే కూల్చేశారన్న మాట. ఐనా అది సరైన పనే. దాన్ని వాడేవాళ్లు దాదాపు లేరు, దాని కోసం మిగతా కోడ్ అంతా మెలికలు పడవలసి వస్తోంది. డెబియన్ 13వ కూర్పు 2025 ఆగస్టులో వచ్చినప్పుడు 32 బిట్ల పాత యంత్రాలకు కెర్నెల్ ఇవ్వడం మానేసింది. 12వ కూర్పుకు మరమ్మతులు 2028 జూన్ వరకు వస్తాయి. ఇక్కడ నా మనసు కొంచెం నొచ్చుకుంటుంది. చిన్న చిన్న నెట్‌బుక్‌లు మన బస్తీలో ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. శాలిబండలోనో తాలాబ్‌కట్టలోనో ఒక పిల్ల వాటి మీద పాఠాలు చదువుకుంటోందని డెబియన్ వారికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. చెప్పనిదే వారికెలా తెలుస్తుంది?

"ఐతే అప్‌డేటే చేయకుండా ఉంటే పోదా సార్?" అని మీలో తెలివైనవారు అడుగుతారు. పోదు. 2017 మే నెలలో వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము లోకమంతా పాకింది. విండోస్ కెర్నెల్ భాగాలలో, ఫైళ్లు పంచుకునే చోట ఉన్న ఒక కన్నంలోంచి అది దూరింది. ఆ కన్నానికి మాటు మార్చిలోనే వచ్చింది. వేసుకోనివారే చిక్కారు. మన పక్కనే ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. నెట్‌కు తగిలించిన యంత్రానికి మరమ్మతులు ఆపేయడమంటే, తలుపు గడియ బిగుసుకుంటోందని తలుపే వేయకుండా పడుకోవడం.

కనుక దారి ఒకటే: అప్‌డేట్ చేయాలి, చెడితే చెప్పాలి. చెప్పడానికి మీకు హక్కు కూడా ఉంది. "ముందు పనిచేసినది కొత్త కెర్నెల్‌తో ఆగిపోతే, ఆ మార్పును సరిచేయాలి, లేదా వెనక్కి తీసుకోవాలి" అనేది లైనక్స్‌లో రాసిపెట్టిన నియమం. కొత్తదా పాతదా, ధనికుడిదా పేదవాడిదా అని ఆ నియమం అడగదు. కాని ఫిర్యాదు లేకపోతే నియమం నిద్రపోతుంది. వాడుకలో ఉన్నదని రుజువు చేసేది ఫిర్యాదు ఒక్కటే. పాత లాప్‌టాప్‌లు మన దగ్గరున్నాయి, వారి దగ్గర లేవు. మరి పరీక్షించగలిగినది ఎవరు? మనమే.

"బాగోలేదు" అని రాస్తే ఎవరికీ పనికిరాదు. డాక్టరు దగ్గర "ఒంట్లో బాగోలేదు" అని ఊరుకుంటామా? ఎప్పటి నుంచి, ఎక్కడ, ఏం తింటే అని చెబుతాం కదా. ఇక్కడా అంతే. ఏ మోడలు, ఏ కెర్నెల్ దాకా బాగుంది, ఏ కెర్నెల్ నుంచి చెడింది, కెర్నెల్ తన దినచర్యలో ఏం రాసుకుంది. "డీమెసేజ్" అనే ఆజ్ఞ ఇస్తే ఆ దినచర్య తెర మీద కనబడుతుంది. ఇంగ్లీషులో రాయాలి, అదొక ఇబ్బంది. కాని నాలుగు వాక్యాలు చాలు. మీ ఇంగ్లీషు మాస్టారి కంటే వారు దయగలవారు, వ్యాకరణానికి మార్కులు తగ్గించరు.

ఇంకా ఓపిక ఉంటే దోషిని మీరే పట్టవచ్చు. రెండు కూర్పుల మధ్య 14,000 మార్పులున్నాయనుకోండి. ఒక్కొక్కటీ చూడాలంటే జన్మ చాలదు. ఐతే సరిగ్గా మధ్యది తీసి పరీక్షించండి. అది బాగుంటే తప్పు తరువాతి 7,000లో ఉంది. చెడితే ముందరి 7,000లో. మళ్లీ సగం చేయండి, 3,500. మళ్లీ సగం. ఎన్నిసార్లకు ఒక్కటి మిగులుతుందో లెక్క వేసి చూడండి. రెండును రెండుతో గుణించుకుంటూ పోతే 14వ సారికి 16,384 వస్తుంది. అంటే 14 పరీక్షలకు మించవు! 9వ తరగతి ఘాతాంకాల పాఠం ఎందుకని అడిగేవారికి నేను ఈ ఉదాహరణ చెబుతుంటాను. ఒక్కొక్క పరీక్షకు కెర్నెల్‌ను కొత్తగా తయారుచేయాలి. పాత యంత్రం మీద ఒక్కొక్కటికి గంటలు పడుతుంది. కొత్త యంత్రం మీద తయారుచేసి పాతదానికి ఎక్కించడం తెలివైన పని.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 చిప్, దానికి కావలసిన ప్రాసెసర్ లేని లాప్‌టాప్‌లు ఆఫీసుల నుంచి బయటికి వస్తున్నాయి. వాటిలో మంచివి ఎన్నో. బడులు వాటిని తీసుకోవాలని, తీసుకుని లైనక్స్ వేసి పిల్లలకు ఇవ్వాలని నా అభిప్రాయం. మన హైదరాబాదులోనే స్వేచ్ఛ అనే సంస్థ బడిపిల్లల కోసం తెలుగులో బాల్ స్వేచ్ఛ అనే ఏర్పాటు చేసింది. అయితే ప్రతి బడిలోనూ ఒక నోట్‌బుక్ పెట్టాలి. ఏ యంత్రానికి ఏ తేదీన ఏ కెర్నెల్ వేశాం, ఏం జరిగింది అని రాయడానికి. ఆసుపత్రిలో మంచానికి వేలాడే చార్టు లాగ.

మా అబ్బాయి ఫిర్యాదు ఏమైందని అడుగుతారేమో. ఇద్దరం కూర్చుని రెండు సాయంత్రాలు రాశాం. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. అదే మోడలున్న మరొకాయన నెలరోజుల ముందే చెప్పాడట. సరిచేసిన కెర్నెల్ రాబోతున్నదట, వేసి చూసి చెప్పమన్నారు. వేశాం. తెర వెలిగింది. "వెలిగింది" అని రాశాం. బ్యాటరీ మాత్రం 20 నిమిషాలే వస్తుంది. అది కెర్నెల్ తప్పు కాదు, రసాయనశాస్త్రం.

మొన్న మళ్లీ వచ్చాడు.

"సార్, మూత మూసి తెరిస్తే వైఫై లేస్తలేదు."

"ఎప్పటి నుంచిరా?"

జవాబు చెప్పకుండా సంచిలోంచి నోట్‌బుక్ తీశాడు.